పువ్వుకీ ఉంటుంది ముహూర్తం

పెళ్లి పనులు పంచుకునేటప్పుడు తెలివైనవాళ్లు ముందే వెళతారు. వంటల దగ్గర ఉంటామనో, శుభలేఖలు పంచుతామనో తమకు నచ్చిన పని ఎంచుకుంటారు. ఆలస్యంగా వెళ్లినవాడికి అందరూ వదిలేసిన పని దక్కుతుంది. మా అక్కయ్య కూతురి పెళ్లికి అలా ఆలస్యంగా వెళ్లినవాణ్ని నేనే. 'ఒరేయ్, పువ్వుల సంగతి నువ్వు చూడు' అంది అక్కయ్య. 'నాకేం తెలుసక్కా?' అంటే, 'పేపర్లో రాస్తావుగా, ఆమాత్రం తెలీదూ!' అంది.

సరే, ఇందులో ఏముంది... డెకరేషన్ వాళ్లకి ఓ మాట చెబితే వచ్చి కట్టేసి పోతారు, మనం డబ్బులిస్తే సరి అనుకున్నాను. మీరూ అలాగే అనుకుంటూ ఉంటే, ఇంట్లో పెళ్లీడు పిల్లలుంటే, ఈ వారం కబుర్లు కాస్త ఓపిగ్గా చదవండి.

పెళ్లి రాజమండ్రిలో. వైశాఖ మాసం. ముహూర్తం ఉదయం 9 గంటల 50 నిమిషాలకు. అక్కయ్య కోరిక ఒక్కటే... మండపమంతా మల్లెపూలతో కట్టాలి. దానికో కారణం ఉంది. మా అమ్మకి మల్లెలంటే ప్రాణం. ఊళ్లో మా పెరటి నూతి పక్కన రెండు మల్లెపొదలు పెంచింది. వేసవి సెలవులకి మనవరాలు వచ్చినప్పుడల్లా ఒళ్లో కూర్చోబెట్టుకుని, జడ అల్లి, మొగ్గల దండ తురిమి, 'నీ పెళ్లికి మండపమంతా మల్లెలే కట్టిస్తానే' అనేది. ఆ పెళ్లి చూడకుండానే అమ్మ వెళ్లిపోయింది. పొదలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆల్బమ్ తెరవలేదు

ఊళ్లో నలుగురినీ అడిగితే ఓ పెద్దాయన పేరు చెప్పారు. ముప్ఫై ఏళ్లుగా పెళ్లిమండపాలు కడుతున్నాడట. ఇంటికి పిలిచాం. రాగానే ఫొటోల ఆల్బమ్ తీసి ముందు పెడతాడనుకున్నాం. సంచిలోంచి చిన్న నోటు పుస్తకం, టేపు తీశాడు. వరసగా ప్రశ్నలు మొదలెట్టాడు.

'ముహూర్తం ఎన్నింటికండి? హాలు మన చేతికి ఎన్నింటికిస్తారండి? ముందురోజు అక్కడ ఇంకో ఫంక్షనుందాండి? ముహూర్తం వేళకి అమ్మాయిగారు పట్టుచీరలో ఉంటారా, మధుపర్కాల్లోనా అండి?'

అన్నింటికీ జవాబులు చెప్పి, చివర్లో అక్కయ్య మల్లెల మండపం సంగతి ఎత్తింది. ఆయన పుస్తకం మూసేశాడు.

'అవ్వదండి అమ్మగారూ.'

అక్కయ్య ముఖం మాడిపోయింది. వేసవిలో, అందులోనూ రాజమండ్రిలో, మల్లెలు దొరక్కపోవడమేమిటి? కడియపులంక పూల మార్కెట్ పక్కనే ఉంది. 'ఖరీదైన పూలు అంటగట్టాలని చూస్తున్నాడేమో' అని నా చెవిలో గొణిగింది కూడా. ఆయనకి వినబడే ఉంటుంది. చిన్నగా నవ్వాడు.

'దొరక్క కాదండి. దొరుకుతాయి, కావలసినన్ని. కానీ మల్లె రాత్రి పువ్వండి. మీదేమో పగటి ముహూర్తం.'

మల్లెకో వేళ, బంతికో వేళ

అప్పుడు అర్థమైంది నాకు, ఈ పని మనం అనుకున్నంత తేలిక కాదని. మల్లెమొగ్గని తెల్లవారకముందే కోస్తారు. పగలంతా మొగ్గగానే ఉంటుంది. సాయంత్రానికి ఒళ్లు విరుచుకుని, చీకటి పడేసరికి విచ్చుకుని, రాత్రంతా వాసనలు వెదజల్లుతుంది. మర్నాటి పొద్దుటికి రెక్కలు వడలి, అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి. రాత్రి పది గంటల ముహూర్తమైతే మల్లెని మించిన పువ్వు లేదు. ఉదయం పది గంటల పెళ్లికి రాత్రి కట్టిన మల్లె మండపం... చుట్టాలు వచ్చే వేళకి వాడిన దండల దుకాణంలా ఉంటుంది.

ఒక్క మల్లే కాదు, ప్రతి పువ్వుకీ ఓ లెక్క ఉంది. కనకాంబరానికి వాసన లేదు గానీ తేలిక. తల మీద బరువనిపించదు, తొందరగా వాడదు. బంతి మొండిది, ఎండకీ గాలికీ తట్టుకుంటుంది. కానీ తడిగా ఉన్నప్పుడు గుట్టపోస్తే లోపల వేడెక్కి కుళ్లిపోతుంది. నాటు గులాబీ రెక్క సుకుమారం, వాసనెక్కువ, నిలవ తక్కువ. బెంగళూరు వైపు నుంచి 20 కాడల కట్టలుగా వచ్చే గులాబీకి వాసన తక్కువ, నిలవ ఎక్కువ. దాన్ని తెచ్చిన వెంటనే కట్టకూడదు. కింది ఆకులు తీసి, కాడ చివర ఏటవాలుగా కోసి, కొన్ని గంటలు బక్కెట్టు నీళ్లలో నిలబెట్టాలి. ప్రయాణంలో పడ్డ దాహం తీరితేనే అది తలెత్తుకు నిలబడుతుంది.

రుతువుల లెక్క వేరే ఉంది. మల్లె వేసవిది. జాజి వానాకాలానిది. చామంతికి రాత్రి నిడివి పెరిగితేనే మొగ్గ పడుతుంది, అందుకే మన దగ్గర అది చలికాలపు పువ్వు. ఈ రహస్యం తెలిసిన రైతులు కొన్నిచోట్ల చామంతి తోటల్లో రాత్రిపూట బల్బులు వెలిగించి, రాత్రిని పగలని భ్రమింపజేసి, పూత వెనక్కి జరుపుతారు. అలా చేస్తే తమకు కావలసిన నాటికి పువ్వు చేతికొస్తుంది.

'కాలం కాని కాలంలో పువ్వు కావాలంటే తెప్పిస్తానండి. డబ్బు మీది. అందం మాత్రం నా చేతిలో ఉండదు' అన్నాడాయన.

వెనక్కి నడిచే లెక్క

మనం పెళ్లి పనుల్ని ఇవాళ్టి నుంచి ముహూర్తం వైపు లెక్కపెట్టుకుంటాం. పూలాయన ముహూర్తం నుంచి ఇవాళ్టి వైపు లెక్కపెడతాడు. ఆ పుస్తకంలో నేను చూసిన లెక్క ఇదీ...

9.50కి జీలకర్ర బెల్లం. 8 గంటలకి చుట్టాలొస్తారు. 7 గంటలకి వీడియో వాళ్లు లైట్లు సరిచూసుకుంటారు. అంటే ఆరున్నరకల్లా మండపం కింద రాలిన రేకులు కూడా ఊడ్చేసి ఉండాలి. ముందురోజు ఆ హాల్లో రిసెప్షనుంది. ఖాళీ అయ్యేసరికి రాత్రి 11. మిగిలింది ఏడున్నర గంటలు! అందులో మొదటి మూడు గంటలు చట్రం బిగించడానికి, గుడ్డలు కట్టడానికి. తర్వాత ఆకులు, పచ్చదనం. ఆ తర్వాత బంతి దండలు. సుకుమారమైన పూలన్నీ చిట్టచివర, తెల్లవారుజామున.

ఇంకో సంగతి. హాలుకి ఏసీ ఉంది కదా, పూలు చల్లగా ఉంటాయిలే అనుకుంటాం. ఏసీ వేసేది చుట్టాలొచ్చాక. రాత్రంతా పనివాళ్లూ పూలూ ఉక్కపోతలోనే. అందుకే ఆయన హాలు వాళ్లతో ముందే మాట్లాడి, తెల్లవారుజామున 4 నుంచి ఏసీ వేయమని అడగమన్నాడు. ఆ మాట మనకి తట్టనే తట్టదు.

ఇక దండలు. అవి హాల్లో తయారవ్వవు. ముందురోజు పూలు కొని, ఊళ్లో ఏడెనిమిది ఇళ్లకి పంచుతాడు. అక్కడ ఆడవాళ్లు ఇంటిపనయ్యాక గుమ్మంలో కూర్చుని, మాట్లాడుకుంటూనే మూరలకి మూరలు అల్లేస్తారు. సన్నపూలకి దారం కాదు, తడిపిన అరటినార. దారం కాడని కోసేస్తుంది, నార మెత్తగా పట్టుకుంటుంది, తడీ ఆరదు. మనం ఫొటోల్లో చూసుకునే అందం వెనక ఆ చేతులున్నాయి. కూలి మూరకింత అనో, కిలోకింత అనో ఇస్తారు.

తెలుపు మీద తెలుపు

మధుపర్కాల గురించి ఎందుకడిగాడో కూడా తర్వాత తెలిసింది. మా ఇళ్లలో ముహూర్తం వేళకి ఎర్రంచు తెల్లచీరే. 'తెల్లచీర వెనక తెల్లపూలు కడితే ఫొటోలో అమ్మాయిగారి ముఖం, చీరంచు తప్ప ఇంకేమీ తేలదండి. వెనక పచ్చటి ఆకు, దాని మీద పసుపు బంతి పడాలి. అప్పుడు తెల్లచీర వెలుగుతుంది' అన్నాడు. రాత్రి పెళ్లయితే ఇంకో జాగ్రత్త. పసుపు లైట్ల కింద ఊదా, నీలం పూలు నల్లగా కనిపిస్తాయి. పగలు దుకాణంలో చూసి మురిసిపోయిన రంగు రాత్రికి ఏమైపోయిందో అర్థం కాదు.

మండపం వెనకవైపు తెర వెడల్పు 20 అడుగులు. అరడుగుకో బంతి సరం వేలాడదీస్తే 41 సరాలు. ఒక్కోటి 8 అడుగులు. మొత్తం 328 అడుగులు. అంగుళానికో పువ్వు చొప్పున 3,936 పూలు. పువ్వు 10 గ్రాములనుకుంటే దాదాపు 40 కిలోలు. నలిగినవి, రాలినవి పోను చాలాలంటే ఇంకో పదో వంతు కలుపు... 44 కిలోలు. ఇదంతా ఆయన కాగితం కూడా పెట్టకుండా చెప్పేశాడు. నేను ఇంటికొచ్చి కాలిక్యులేటర్‌తో సరిచూశాను. తప్పు లేదు.

స్తంభాలకి మాత్రం కింద మూడడుగులు పూలు వద్దన్నాడు. జనం నిలబడితే కనిపించవు, పైగా చీరలు రాసుకుని నలిగిపోతాయి. ఆ డబ్బు దంపతుల తల వెనక, కెమెరా చూసేచోట పెడదామన్నాడు. హోమం పక్కన పూలు వద్దు, ఫ్యాను కింద విడిరేకులు వద్దు. ఎక్కువ పూలు కట్టడం కాదు, ఎక్కడ కట్టకూడదో తెలియడమే ఈ పనిలో సగమని అర్థమైంది.

కాడల పూలు గుచ్చడానికి నీళ్లు పీల్చే ఆకుపచ్చ ఫోమ్ ఇటుకలు వాడతారు కదా... వాటిని నీళ్లలోకి నొక్కకూడదట, వాటంతటవే మునగాలి. నొక్కితే లోపల గాలి ఉండిపోయి, అక్కడ గుచ్చిన పువ్వు తడి తగలక వాడుతుంది. కానీ ఆ ఫోమ్ ఒకరకం ప్లాస్టిక్. పూలు మట్టిలో కలిసిపోతాయి, అది కలవదు. అందుకే వీలైనచోటల్లా ఈయన అరటిబోదె ముక్కలే వాడతాడు. కాడ గుచ్చితే కదలదు, చెమ్మ కావలసినంత. పెళ్లయ్యాక పశువులు తినేస్తాయి.

మామిడిపళ్ల గదిలో...

పెళ్లి ముందురోజు సాయంత్రం చిన్న గొడవ జరిగింది. దండల కోసం తెచ్చిన కార్నేషన్లు, గులాబీల బక్కెట్లని మావాళ్లు చల్లగా ఉంటుందని సారె గదిలో పెట్టించారు. అక్కడే అరటి గెలలు, నాలుగు బుట్టల మామిడిపళ్లు ఉన్నాయి. పూలాయన వస్తూనే ఆ వాసన పసిగట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా బక్కెట్లన్నీ వరండాలోకి లాగించాడు. మా బావగారికి కోపమొచ్చింది.

'పండే పళ్ల ఊపిరి తగిలితే పూలు ముసలివైపోతాయి బాబుగారూ' అన్నాడు.

అది చాదస్తం కాదు, అక్షరాలా సైన్సు. పండుతున్న అరటి, మామిడి లాంటి పళ్లు ఇథిలీన్ అనే వాయువుని వదులుతాయి. కాయని పండుగా మార్చేదీ అదే, పువ్వుని వాడిపోయేలా చేసేదీ అదే. కార్నేషన్లకి, ఆర్కిడ్లకి ఆ గాలి బొత్తిగా పడదు. మీ ఇంట్లో పూలగుత్తిని పళ్లబుట్ట పక్కన పెడుతుంటే ఇవాళే జరిపేయండి.

పంచాంగం చూసేది ఎవరు?

పంచాంగాన్ని పురోహితుల తర్వాత అంత శ్రద్ధగా చూసేది పూలవాళ్లే. బంతి నారు నాటాక నెలన్నర, రెండు నెలలకిగానీ పువ్వు చేతికి రాదు. అందుకే రైతు కూడా ముహూర్తాలు లెక్కచూసుకునే నారు పోస్తాడు. మంచి ముహూర్తాలున్న రోజు మార్కెట్లో ధర చుక్కలనంటుతుంది. ఆషాఢమో, మూఢమో వస్తే అవే పూలు అడిగేవాడుండడు. వాటిని దాచుకోవడానికి లేదు. బియ్యం బస్తాలా రేపు అమ్ముదామంటే కుదరదు.

'2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మల్లె చెట్టునే విచ్చుకుని చెట్టునే రాలిపోయిందండి. కోత కూలి కూడా రాదని రైతులు వదిలేశారు. పెళ్లిళ్లు ఆగిపోయాయి, నేను బయానాలు వెనక్కిచ్చేశాను' అని చెప్పాడాయన. ఆ తర్వాతే గుడ్డపూలు, ప్లాస్టిక్ పూలు కూడా కొని పెట్టుకున్నాడట. ఒకసారి కొంటే ఎన్ని పెళ్లిళ్లకైనా తిప్పొచ్చు. వాడవు, రాలవు, ముహూర్తం మారినా నష్టం లేదు. అడిగినవాళ్లకి కడతాడు. 'కానీ అవి కట్టిన రోజు ఆ ఏడెనిమిది ఇళ్లలో పనుండదండి' అన్నాడు. ఆ మాట విన్నాక ఆ పూల వంక చూడబుద్ధి కాలేదు.

మీ ఇంట్లో పెళ్లి కుదిరితే, ఫొటో చూపించి 'ఇలాగే కట్టు' అనకండి. ముహూర్తం, హాలు వేళలు, చీర రంగు, మీరు పెట్టగలిగినంత డబ్బు... ఈ నాలుగూ దాచుకోకుండా చెప్పండి. 'ఆ రోజుల్లో మన దగ్గర బాగా పూసేవేమిటి?' అని అడగండి. ఏదైనా మార్చాలనుకుంటే పూలు కొనకముందే మార్చండి. వాటిని వెనక్కి తీసుకునే కొట్టు లేదు. పెళ్లయ్యాక ఆ పూలు ఎక్కడికి వెళ్లాలో కూడా ముందే మాట్లాడుకోండి.

రెండు పొదల మొగ్గలు

ఇంతకీ అక్కయ్య మల్లెల మాటేమైంది? మొదటిరోజు 'అవ్వదండి' అన్నాక ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది. నేనే ఆయనకి అమ్మ సంగతి, ఆ పొదల సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించాడు.

'ఆ పొదలు ఇంకా పూస్తున్నాయాండి?'

'పూస్తున్నాయి.'

'అయితే హాలంతా అక్కర్లేదండి. అమ్మాయిగారి జడకి చాలు. పక్కన కూర్చున్న అమ్మానాన్నలకి వాసన తెలిస్తే చాలదాండి?'

పెళ్లి ముందురోజు తెల్లవారకుండా మా పిన్ని ఊళ్లో మొగ్గలు కోయించింది. పూలాయన పంపిన థర్మోకోల్ పెట్టెలో అడుగున ఐసు, దాని మీద మందంగా తడిగుడ్డ, ఆపైన మొగ్గలు. ఐసు నేరుగా తగిలితే మొగ్గ కమిలిపోతుందట. చల్లదనానికి మొగ్గ నిద్రపోతుంది, సాయంత్రం విచ్చుకోవాల్సింది మర్నాటికి ఆగుతుంది. జడ పొడవు కొలిచి ముందే కత్తిరించిన పట్టీ మీద అర్ధరాత్రి దాటాక ఓ పెద్దావిడ ఆ మొగ్గల్ని వరసలుగా కుట్టింది. మధ్యలో కనకాంబరం గీతలు. గంటలకొద్దీ పీటల మీద కూర్చునే పిల్ల కదా, మెడ లాగకూడదని బరువైన గులాబీలు పెట్టలేదు. రెండు పొదల మొగ్గలు సగం జడకే వచ్చాయి. మిగతా సగానికి కడియపులంక మొగ్గలు.

9.50కి అడ్డుతెర దించారు. తల మీద జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు పిల్ల తల వంచింది. పసుపు బంతుల ముందు తెల్లచీర నిజంగానే వెలుగుతోంది. జడలో మొగ్గలు కొన్ని విచ్చుకున్నాయి, కొన్ని ఇంకా నిద్రలోనే ఉన్నాయి. పీటల పక్కన కూర్చున్న అక్కయ్య ఒక్కసారి కళ్లు మూసుకుంది. పది అడుగుల దూరంలో ఉన్న నాకు ఏ వాసనా తెలియలేదు. ఆమెకి తెలిసిందని మాత్రం తెలిసింది.

మర్నాడు లెక్క చూసుకుంటే, బిల్లులో పూలజడ దగ్గర మల్లెమొగ్గలకి సగం ధరే వేసి ఉంది. పొరపాటేమోనని అడిగాను.

'పొరపాటు కాదండి. సగం మామ్మగారివే కదండీ' అన్నాడు.